ఏ మాత్రం నొక్కకండి

అక్టోబర్ 2, గురువారం. విజయదశమి.

మంచిరోజు. సంకల్పం చెప్పుకున్నాను. థీసిస్ మీద సంతకం పడేదాకా ఈ ల్యాప్‌టాప్‌లో ఒక్క ప్యాకేజీ కూడా అప్‌డేట్ చెయ్యను. చెయ్యనంటే చెయ్యను!

కారణం: నా గైడ్ జగన్నాథరావు గారు ఈ నెల 31న రిటైరవుతున్నారు. ఆలోపు సంతకం పెడితే ఏడేళ్ల పీహెచ్‌డీ ఒడ్డెక్కుతుంది. పెట్టకపోతే కొత్త గైడ్, ఆయనకి కొత్త ఆలోచనలు, నాకు మళ్లీ మొదటి అధ్యాయం. ఆయన షరతు ఒక్కటే. "నా ముందు ప్రోగ్రాం నడిపించు. పుస్తకంలో నువ్వు అచ్చేసిన అంకె తెర మీద కనిపించాలి. పాయింటు తర్వాత అంకెతో సహా. కలిస్తే సంతకం, లేకపోతే నమస్కారం."

ఆ అంకె 50.4. మా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్లు ఎన్ని నెలలు ఉండిపోతారన్నది నా పరిశోధన. వచ్చిన రోజు అందరూ "ఒక్క ఏడాదే అన్నా" అంటారు. నాలుగేళ్లు దాటుతుంది. మా ఆవిడ శ్రీదివ్య అంటుంది కదా, "నీ సర్వేల నిన్ను గూడ కలుపుకో. నువ్వొక్కడివి చాలు, అంకె ఎక్కడికో పోతది."

ల్యాప్‌టాప్ పోయిన దసరా రోజున కొన్నాను. ఆర్ అనే ఆ లెక్కల భాషనీ, దానికి కావలసిన ప్యాకేజీలనీ ఆ రోజే ఎక్కించాను. తర్వాత ఒక్కటీ మార్చలేదు. అందుకే అంకె కదలకుండా కూర్చుంది.

మా అత్తమ్మ సులోచన గారు రాంనగర్ నుంచి పండక్కి వచ్చారు. ఆయుధపూజలో ల్యాప్‌టాప్‌కీ బొట్టు పెడతానన్నారు. తెర మీద వద్దన్నాను. "అయితే అక్షరాల్ల మొదటిదానికి పెడ్త బాబూ" అని ఏ మీట మీద ఇంత కుంకుమ పెట్టారు. పైన జమ్మి ఆకు.

"ప్యాకేజీ అంటే కాశీ ప్యాకేజా?"

"కాదత్తమ్మా. ఆర్ అంటే వంటిల్లనుకోండి. ప్యాకేజీలు మనం బయటి నుంచి తెచ్చిపెట్టుకునే మిక్సీ, కుక్కర్ లాంటివి. అవన్నీ ఉండే చోటుని లైబ్రరీ అంటారు."

"మన చిక్కడపల్లి లైబ్రరీయా?"

"అది వేరు. ఇది ఇందులోనే ఉంటుంది."

"ఉండనియ్యి. మంచిగ నడుస్తున్న కుక్కర్‌ను మార్చుడు ఎందుకు మరి?"

నా సంకల్పాన్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఇవాళ గాంధీ జయంతి కూడా కావడంతో మటన్ దుకాణాలు బంద్. దసరా రోజున కోడిగుడ్డు పులుసు తిన్నాను. అదొక్కటే లోటు.


అక్టోబర్ 3, శుక్రవారం.

నేను పాఠాలు చెప్పే నారాయణగూడ కాలేజీకి నడిచి వెళ్లాను. హుషారుగా ఉంది. కంప్యూటర్స్ చెప్పే మనీషకి సంకల్పం గురించి చెప్పాను.

"మంచిగుంది సార్. ఎందుకైనా మంచిది, లాక్ ఫైల్ తీసిపెట్టుకోండి. ఏ ప్యాకేజీది ఏ వెర్షనో అంతా అందులుంటది. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పనికి తొందరేముంది? రేపు.


అక్టోబర్ 5, ఆదివారం.

ఆర్ తెరవగానే యంత్రం అడిగింది. ముప్ఫై ఏడు ప్యాకేజీలు పాతబడ్డాయి, అన్నీ మార్చనా, కొన్ని మార్చనా, ఏదీ వద్దా? అన్నిటికీ ఏ. కొన్నిటికి ఎస్. వద్దంటే ఎన్.

ఎన్!!

ఎంత సుఖం! శ్రీదివ్యని పిలిచి చూపించాను. "నువ్వు వద్దన్నవా? చందాలోళ్లకు గూడ వద్దనవు. గణపతికి మూడు గల్లీలోళ్లకు ఇచ్చినవ్. ఫస్ట్ టైం చూస్తున్న" అంది. నిజమే. ఎదుటి మనిషికి వద్దని చెప్పడం నాకు రాదు. యంత్రానికి వచ్చింది. ఇక్కడి నుంచి మొదలుపెడతాను.

లాక్ ఫైల్: సోమవారం.


అక్టోబర్ 8, బుధవారం.

జగన్నాథరావు గారి ఫోన్. "ఏమోయ్ ఫణీంద్రా, హాస్టళ్లు ఏ వీధిలో ఎన్నున్నాయో ఒక పటం పెడితే బాగుంటుంది కదూ? పేర్లు తెలుగులో ఉండాలి సుమా. మన ఊరి పేర్లు మన అక్షరాల్లో."

నా దగ్గరున్న ప్యాకేజీలు తెలుగు రాయలేవు. ఆ మాట చెప్పాలి. చెప్పింది మాత్రం: "చూస్తాను సార్."

మన భాషలో 'చూస్తాను' అంటే చేస్తానని. ఆయనా అలాగే విన్నారు.

సాయంత్రం పటం గీశాను. వత్తులన్నీ ఊడి పక్కకి పడ్డాయి. చిక్కడపల్లి కాస్తా 'చిక్ కడపల్ లి' అయింది. అశోక్‌నగర్ బాగానే ఉంది. ఊళ్లకి పేర్లు పెట్టినవాళ్లు ద్విత్వాలు తగ్గించి ఉండాల్సింది.


అక్టోబర్ 9, గురువారం.

ఆలోచించాను. సంకల్పంలో నేనన్నది 'అప్‌డేట్ చెయ్యను' అని. కొత్త ప్యాకేజీ తెచ్చుకోనని అనలేదు. కొత్తది తేవడం వేరు, పాతది మార్చడం వేరు. ఇంట్లోకి మిక్సీ కొత్తగా వస్తే కుక్కర్ మారినట్టా?

కాదు కదా. కాబట్టి సంకల్పం క్షేమం.


అక్టోబర్ 11, శనివారం.

వత్తులు కలిపే ప్యాకేజీ తెచ్చాను. అది వచ్చీ రాగానే తన చుట్టం ఒకటి పాతబడిందంది. దాన్ని మారిస్తే తప్ప లోపలికి అడుగుపెట్టదట. ఎస్ నొక్కాను. ఆ ఒక్కటే. ఆ చుట్టానికి మళ్లీ చుట్టాలు. పెళ్లికి మనం ఒకరిని పిలుస్తాం, ఆటోలోంచి ఎనిమిది మంది దిగుతారు. ఇదీ అంతే.

మళ్లీ ఎస్. మళ్లీ ఎస్.

భయంభయంగా ప్రోగ్రాం నడిపాను. 50.4! చూశారా? ఏం కాలేదు. కొన్ని మార్చడం అంటే మార్చడం కిందికి రాదు.

పటంలో ఇప్పుడు 'చిక్కడపల్ లి'. క కలిసింది, ల కలవలేదు. ఇంకొక్క ప్యాకేజీ దూరం.

శ్రీదివ్య తెరలోకి తొంగి చూసి, "ఏదో ముట్టనంటివి?" అంది. ముట్టలేదన్నాను. సాంకేతికంగా అది నిజం.


అక్టోబర్ 14, మంగళవారం. మధ్యాహ్నం, స్టాఫ్ రూం.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పటం మధ్యాహ్నానికి పంపమని గైడ్ గారు అన్నారు. పొద్దున ఇంట్లో ఆ చివరి ప్యాకేజీని ఎక్కించడం మొదలుపెట్టాను. క్లాసుకి టైమైపోయింది. అదే పని చేసుకుంటుందిలే అని వదిలేసి బయల్దేరాను. శ్రీదివ్య అప్పటికే బషీర్‌బాగ్‌లో బ్యాంకుకి వెళ్లిపోయింది. నారాయణగూడ చౌరస్తాలో, మెట్రో కింద నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తమ్మా, బల్ల మీద ల్యాప్‌టాప్‌లో ఏం కనిపిస్తోంది?"

"ఇంగ్లీషుల ఏందో అడుగుతుంది బాబూ. ఆఖర్ల ఏ, ఎస్, ఎన్ అని ఉన్నయి."

"ఎన్ నొక్కి ఎంటర్ కొట్టండి. ఏ మాత్రం నొక్కకండి!"

పక్కనే బస్సు. హారన్ కొట్టి చంపుతున్నాడు.

"ఏందీ? వినొస్తలేదు!"

"ఏ మాత్రం నొక్కకండి!!"

"ఆఁ ఆఁ, సరే బాబూ."

నేను కాలేజీ మెట్లెక్కేసరికి ఆవిడే ఫోన్ చేశారు. "నొక్కిన బాబూ. అక్షరాలు మస్తు ఉరుకుతున్నయి."

ఎన్ నొక్కితే అక్షరాలు ఉరకవు.

"ఏది నొక్కారు అత్తమ్మా?"

"మీరు చెప్పిందే. ఏ మాత్రం నొక్కండి అంటిరి కదా. బొట్టు పెట్టిన దాన్నే నొక్కిన."

ఒక్క 'క'. నొక్కకండిలోంచి ఒక్క 'క' తీసేస్తే నొక్కండి. నా ఏడేళ్ల కష్టాన్ని కాపాడాల్సిన ఆ ఒక్క అక్షరాన్ని బస్సు మింగేసింది.

అల్లుడన్నవాడు అత్తగారి మీద అరవకూడదు. ఆ పద్ధతి వాళ్ల రాంనగర్‌లోనూ లేదు, మా కాకినాడ వైపూ లేదు. "పర్వాలేదత్తమ్మా" అన్నాను.


అదే రోజు, సాయంత్రం.

ముప్ఫై ఏడూ మారిపోయాయి. వత్తులు కలిపే ఆ చివరి ప్యాకేజీ మాత్రం ఎక్కలేదు; పటం తర్వాత ఇస్తానని గైడ్ గారికి చెప్పాను. ప్రోగ్రాం నడపబోతే తెరంతా ఎర్ర అక్షరాలు. పాత ఆజ్ఞ పేరు మార్చేశారట. ఇంకోటి తీసేశారట. మూడోది ఉందట కానీ నేను పిలిచినట్టు పిలిస్తే పలకదట.

అత్తమ్మ సర్వపిండి చేసి తెచ్చారు. "నేనేమన్న తప్పు చేసిన్నా బాబూ?"

"ఛ ఛ, లేదత్తమ్మా."

సర్వపిండి బాగుంది. ఏడుపొచ్చింది.

లాక్ ఫైల్ తీశానా అని మనీష మెసేజ్. జవాబివ్వలేదు.


అక్టోబర్ 17, శుక్రవారం.

ఎర్ర అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా పోగొట్టాను. ప్రోగ్రాం చివరిదాకా నడిచింది.

50.6.

లెక్కేసే ప్యాకేజీ కొత్త వెర్షన్‌లో పద్ధతి కాస్త మార్చారట, ఇప్పుడు ఇంకా మెరుగైందట. ఎవరడిగారండీ మెరుగు చెయ్యమని? పుస్తకం నాలుగు ప్రతులు బైండింగ్‌తో సహా సిద్ధంగా ఉన్నాయి. అన్నిట్లోనూ 50.4.

0.2 నెలలంటే ఆరు రోజులు. హాస్టల్ కుర్రాడు మంచం ఖాళీ చెయ్యడానికే ఆరు రోజులు పడుతుంది. ఈ మాట జగన్నాథరావు గారికి చెప్పి చూడొచ్చు. చెప్పను. ఆయన పాయింటు తర్వాత అంకె కోసం ఇద్దరు ప్రొఫెసర్లతో మాట్లాడటం మానేసిన మనిషి.


అక్టోబర్ 20, సోమవారం. దీపావళి.

కాకరపువ్వొత్తి కూడా వెలిగించలేదు. శ్రీదివ్య బాల్కనీలోకి లాక్కెళ్లింది.

"నీ అంకె సంగతి తర్వాత. మా అమ్మను చూస్తున్నవా? నాల్గు రోజుల సంది టీవీ రిమోట్ గూడ ముట్టుకుంటలేదు. మిక్సీ పెట్టుమంటే నన్ను పిలుస్తుంది. రేపు పొద్దున రాంనగర్ పోతనంటుంది. నువ్వేమో పర్వాలేదు పర్వాలేదు అనుకుంట మొఖం ఇంత పెట్టుకొని తిరుగుతున్నవ్. గంతకంటే తిట్టుడే నయం."

నాకు నిజంగా సిగ్గేసింది. ఆవిడ ఏ నొక్కింది ఒక్కసారి, అదీ నేను చెప్పానని. అంతకు ముందే మూడుసార్లు ఎస్ నొక్కింది నేను. ఆ చివరి ప్యాకేజీని పొద్దున్నే మొదలుపెట్టిందీ నేనే.

వంటింట్లోకి వెళ్లి మొత్తం చెప్పాను. వత్తుల దగ్గర్నుంచి బస్సుదాకా. అత్తమ్మ అరిసె నోట్లో పెట్టుకోకుండా విన్నారు.

"అంటే సంకల్పం మీరే తప్పిండ్రు."

"అవునత్తమ్మా."

"మరి గీ మాట ఆనాడే చెప్పొద్దా బాబూ! వారం సంది నాకు నిద్ర లేదు."

తిట్టారు. హాయిగా ఉంది. రాంనగర్ ప్రయాణం ఆగింది.


అక్టోబర్ 24, శుక్రవారం.

సిగ్గు వదిలేసి మనీషకీ చెప్పాను. నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత అంది:

"ఇంత పరేషాన్ ఎందుకు సార్? పాతయి ఎక్కడికీ పోవు. ఫలానా తారీఖు నాడు ఏ వెర్షన్లుండెనో అవే ఇచ్చే చోటుంది. తారీఖు చెప్తే చాలు. మీరు మొదటిసారి ఎప్పుడు ఎక్కించిండ్రు?"

"పోయిన దసరా!"

కాలేజీలోనే గంతేశాను. ప్రిన్సిపాల్ చూశారు.


అక్టోబర్ 25, శనివారం.

పొద్దున్నే స్నానం చేసి కూర్చున్నాను. పోయిన సంవత్సరం, అక్టోబర్ 2. కొట్టాను. ప్యాకేజీలన్నీ ఒక్కొక్కటే వెనక్కి నడుచుకుంటూ వచ్చాయి. ప్రోగ్రాం నడిపాను. ఒక్క ఎర్ర అక్షరం లేదు!

50.5.

బల్ల మీద గుద్దాను. వంటింట్లోంచి అత్తమ్మ వచ్చారు.

"ఏమైంది బాబూ?"

"పోయిన దసరా నాటివన్నీ తెచ్చానత్తమ్మా. అయినా కలవట్లేదు."

"ఏ తారీఖు వేసిండ్రు?"

"అక్టోబర్ రెండు. దసరా కదా."

ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"పోయిన దసరకు మటన్ తిన్నరా లేదా?"

"తిన్నాను. రెండుసార్లు వడ్డించారు."

"మరి అక్టోబర్ రెండుకు మటన్ ఎట్ల దొరుకుతది బాబూ? గాంధీ జయంతి ఈసారే కదా అడ్డమొచ్చింది. దసర ఒక్క తారీఖు మీద నిలుస్తదా? పోయినేడు పన్నెండుకు వచ్చింది. శనివారముండె. మా మరిది శనివారం తిననంటే ఆయనకు పప్పు చేసిన."

ఏడేళ్లుగా స్టాటిస్టిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. పండగ తిథిని బట్టి వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు.

అక్టోబర్ 12 అని కొట్టాను. అత్తమ్మ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. అక్షరాలు ఉరికాయి. ఆగాయి.

50.4.

"ఇదేనా మీ అంకె?"

"ఇదే అత్తమ్మా!" కాళ్లకి దండం పెట్టాను. "దీర్ఘాయుష్షు" అన్నారు, "పోండ్రి, ఇగనన్న ఆ డబ్బా బంద్ చెయ్యుండ్రి."

బంద్ చేశాను. లాక్ ఫైల్ కూడా ఇప్పుడే తియ్యొచ్చు. కానీ ఇంత ఆనందంలో ఎందుకు? రేపు.


అక్టోబర్ 31, శుక్రవారం.

యూనివర్సిటీకి విద్యానగర్ మీదుగా ఆటోలో వెళ్లాను. ల్యాప్‌టాప్ ఒళ్లో. ఇంటర్నెట్ ఆపేసి, వైఫై ఆపేసి, ఫోన్ కూడా ఆపేసి.

జగన్నాథరావు గారి గదిలో అప్పటికే మూడు దండలు, రెండు శాలువాలు. ఆయన వాటిని కుర్చీ మీదికి నెట్టి, కళ్లజోడు పెట్టుకున్నారు. "నడిపించు."

నడిపించాను. ఆయన పుస్తకం తెరిచి అంకె మీద వేలు పెట్టారు. తెర మీద ఇంకో వేలు. 50.4, 50.4. పెన్ను మూత తీశారు. నా ప్రాణం లేచొచ్చింది.

అంతలో పుస్తకం చివర నేను మడతపెట్టి అతికించిన పటం విప్పారు.

ప్యాకేజీలన్నీ పోయినేటివి. పోయినేడు వత్తులు కలిపే ప్యాకేజీ నా దగ్గర లేదు. అందుకని పటంలో మళ్లీ 'చిక్ కడపల్ లి'.

"ఇదేమిటోయ్? ఊరి పేరు విరిగిపోయింది. ఈ ఒక్కటీ సరిచేసుకుని పట్రా. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను." పెన్ను మూత పెట్టేశారు.

"చూ..." అన్నాను. అలవాటు. 'స్తాను సార్' గొంతులోకి వచ్చేసింది కూడా. బస్సు కనిపించింది. ముప్ఫై ఏడు ప్యాకేజీలు కనిపించాయి. రిమోట్ ముట్టుకోకుండా సోఫా అంచున కూర్చున్న అత్తమ్మ కనిపించారు.

"చెయ్యను సార్."

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "ఏమన్నావు?"

ఇక్కడ బస్సులేవీ లేవు. అయినా ప్రతి అక్షరం విడివిడిగా పలికాను. "చె-య్య-ను సార్. ఈ మిషన్‌లో ఇక ఏదీ మార్చను. వత్తులు నేను పెన్నుతో పెడతాను. నాలుగు ప్రతులే కదా."

సార్ కోపగించుకుంటారనుకున్నాను. ఆయన పటాన్ని దగ్గరికి లాక్కున్నారు. పెన్ను మూత తీశారు. 'చి' పక్కన ముక్కని కొట్టేసి, పైన గుండ్రంగా 'క్క' రాశారు. తర్వాత 'ల్లి'. ఆయన చేతిరాత అచ్చు కన్నా బాగుంది.

"ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాను. 'చూస్తాను సార్' అన్నవాళ్లెవరూ సాయంత్రానికి తేలేదోయ్," అన్నారు. మిగతా మూడు ప్రతులూ ఇద్దరం పంచుకుని దిద్దాం.

అదే పెన్నుతో సంతకం పెట్టారు.

మెట్ల మీద కూర్చుని ఫోన్ ఆన్ చెయ్యగానే మొదట అత్తమ్మకే చేశాను. "సంతకం అయింది" అన్నాను. "ఏందీ? కాలేదా?" అన్నారు. "అ-యిం-ది!" అని అరిచాను. అల్లుడు అత్తగారి మీద అరవొచ్చు, ఒక్కోసారి.


నవంబర్ 1, శనివారం.

ఇవాళ ఆర్ తెరవగానే యంత్రం అడిగింది. ఈసారి నలభై ఒకటి పాతబడ్డాయట.

ముందు వైవా ఉంది. బయటి నుంచి ఎవరో పరీక్షించడానికి వస్తారు, మళ్లీ నడిపి చూపించమంటారు. కాబట్టి కొత్త సంకల్పం. వైవా అయ్యేదాకా ఒక్క ప్యాకేజీ అప్‌డేట్ చెయ్యను. కొత్తదీ తేను. చెయ్యనంటే చెయ్యను! లాక్ ఫైల్ సోమవారం తప్పకుండా.

అత్తమ్మ రేపు రాంనగర్ వెళ్తున్నారు. వెళ్లేముందు ల్యాప్‌టాప్ దగ్గరికి కుంకుమ భరిణె పట్టుకొచ్చారు. "ఎన్ మీట ఏడుంది బాబూ?" చూపించాను. దానికి బొట్టు పెట్టారు. తర్వాత తానే ఎన్ నొక్కి, ఎంటర్ కొట్టి, అన్నం దించడానికి వెళ్లారు.

వెళ్తూ వెళ్తూ ఏ మీది పాత బొట్టుని కొంగుతో గట్టిగా తుడిచేశారు. తుడిచేటప్పుడు పక్కనున్న ఎస్‌కి కాస్త అంటింది.

అది మాత్రం నేను తుడవలేదు.